విప్పుడు పని కాదు

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజున జనగామ మెకానిక్కులందరూ తమ పానాల డబ్బాలు తెచ్చి ఎల్లస్వామి షెడ్డులో పెట్టారు. షట్టరు దించి తాళం వేసి, తాళంచెవి శ్రీశైలం సారు చేతికి ఇచ్చారు. శ్రీశైలం సారు ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులు, పట్టణంలో సమ్మె కమిటీకి కన్వీనరు. ఆయన బడికి కూడా తాళం పడింది గనుక అప్పటికే ఆయన జేబులో ఒక చెవి ఉంది. రెండోదీ దాని పక్కనే వేసుకున్నాడు.

ఎల్లస్వామి మోటారు మెకానిక్కుల సంఘానికి అధ్యక్షుడు. యాభై దాటిన మనిషి, మాటలు తక్కువ. ఎవరైనా బండి తెస్తే ఏమైందని అడిగేవాడు కాదు, ఇంజను ఆన్ చేయించి పక్కన నిలబడి వినేవాడు. సంఘానికి ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నది కూడా ఉపన్యాసాలు ఇవ్వడనే నమ్మకంతోనే. కానీ సమ్మె రోజుల్లో అందరికీ మైకు అలవాటైంది, ఆయనకు కూడా కొంత అయింది.

సమ్మె మొదటి వారంలోనే ఆయన అల్లుడు మధుకర్ కారుకు క్లచ్ ప్లేటు కాలిపోయింది. మధుకర్ రైల్వే స్టేషను దగ్గర కిరాయికి కారు నడుపుతాడు. ఆర్టీసీ బస్సులు ఆగిపోయిన ఆ రోజుల్లో కిరాయి బండ్లకు ఎన్నడూ లేనంత గిరాకీ ఉండేది. అతను ఒక ట్రాక్టరును బతిమాలి, కారును తాడు కట్టి లాగించుకుని, నేరుగా మామ కూర్చున్న దీక్షా శిబిరం దగ్గరికే తెచ్చాడు. షెడ్డు తెరవడం కుదరదని ఎల్లస్వామి చెప్పాడు. మధుకర్ సరేనన్నాడు. ఆ సాయంత్రమే ఎల్లస్వామి మైకు తీసుకుని, సొంత అల్లుడి బండే వచ్చినా పానా పట్టలేదని, సమ్మె అంటే అట్లుండాలని చెప్పాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆయన జీవితంలో ఆయనకు అన్ని చప్పట్లు పడటం అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి కూతురు స్వరూప ఆయనతో మాట్లాడటం మానేసింది. వాళ్ళుండేది అదే ఊళ్ళో, పట్టాల అవతలి వైపు. అమ్మను చూడటానికి వచ్చేది గానీ తండ్రి శిబిరంలో ఉన్న వేళ చూసుకుని వచ్చేది. కారు బాగు చేయనందుకు అలిగిందని ఎల్లస్వామి అనుకున్నాడు. సమ్మె అయిపోగానే కొత్త క్లచ్ ప్లేటు వేస్తే అలక పోతుందని భార్య ఉప్పలమ్మతో చెప్పాడు.

సమ్మె కమిటీకి ప్రచారం కోసం ఒక బండి ఉండేది. అది మహబూబాబాద్ అవతల గూడూరు దగ్గరి తండాకు చెందిన అమర్‌సింగ్‌ది. పది మంది కూర్చునే డీజిల్ బండి. కంపెనీ వాళ్ళు దానికి పెట్టిన పేరు ఏదైనా తండాలో అందరూ దాన్ని జీపే అనేవారు. అమర్‌సింగ్ దాని మీద రెండు మైకులు కట్టి, డీజిలు పోస్తే చాలు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చేవాడు. సమ్మెలో అతనికి ఒక సొంత ఇబ్బంది ఉంది. అతని తండాలో ఎవరూ సభలకు వచ్చేవారు కాదు. ఏ సర్కారు వచ్చినా తమ పోడు భూముల మీదికి ఫారెస్టోళ్ళే వస్తారని వాళ్ళ అభిప్రాయం. ఆ మాట అందరికన్నా గట్టిగా అనేది అతని తల్లి రామి. అమర్‌సింగ్ ఇల్లిల్లూ తిరిగి, గూడూరులో జరిగే సభకు ఒక్కసారి రమ్మని, మైకు తానే తెస్తానని, తమ సంగతి కూడా అందులో చెప్పవచ్చని ఒప్పించాడు. సభ ఒక మంగళవారం మధ్యాహ్నానికి పెట్టారు.

సోమవారం పొద్దున అతను జనగామ శిబిరం ముందు జీపు ఆపాడు. అప్పుడే దీక్షలో కూర్చున్నవాళ్ళ మెడల్లో దండలు వేస్తున్నారు. ఆ రోజు వంతు మెకానిక్కులది, ఎల్లస్వామి మధ్యలో కూర్చున్నాడు. జీపు ఇంజను నుంచి ఇనప డబ్బాలో రాళ్ళు వేసి ఊపుతున్నట్టు గలగల చప్పుడు వస్తోంది. మైకులోంచి వచ్చే నినాదాల కంటే అదే ఎక్కువ వినబడుతోంది. ఎల్లస్వామి కొంతసేపు ఓర్చుకున్నాడు. తర్వాత లేచి దండతోనే నడిచి వెళ్ళాడు.

"బండి బంద్ చెయ్యి," అన్నాడు.

అమర్‌సింగ్ ఆపాడు.

"ఎప్పటి సంది గిట్ల?"

"వారం కింద పాలకుర్తి కాడ షురూ అయిందన్న. పొద్దుగాల ఒక్క జర ఎక్కువ చేస్తది, వేడైతె తగ్గుతదనుకున్న."

"తగ్గదు. టైమింగ్ చైను వదులయింది. ఇంక తోలినవంటె చైను పండ్లు తప్పుతది, వాల్వులు పోయి పిస్టన్లకు తగుల్తయ్. నువ్వు గూడూరు పోతవేమో గని ఇంజను రాదు."

ఇంజనులో కింది ఇరుసునూ పై ఇరుసునూ కలిపి తిప్పేది ఆ చైను. అది ఎప్పుడూ బిగువుగా ఉండేలా పక్క నుంచి నొక్కి పట్టే చిన్న భాగం ఒకటుంటుంది, దాన్ని టెన్షనర్ అంటారు. అరచేతిలో పడుతుంది. అది పట్టు వదిలేస్తే అంత పెద్ద ఇంజనూ ఒక్క నిమిషంలో పాడవుతుంది. అమర్‌సింగ్‌కు ఇదంతా తెలుసు. అయినా రేపటి సభ గురించి చెప్పాడు, తల్లి వస్తానని ఒప్పుకున్న సంగతి చెప్పాడు. ఆమె ఇంకోసారి ఒప్పుకోదని కూడా చెప్పాడు.

కమిటీ అక్కడికక్కడే కూర్చుంది. ప్రచార బండి సమ్మెలో భాగమే గనుక దాన్ని బాగు చేస్తే సమ్మె చెడదని శ్రీశైలం సారు అన్నాడు, జేబులోంచి తాళంచెవి కూడా తీశాడు. ఎల్లస్వామి వద్దన్నాడు. బిడ్డ ఇంటికి తెరవని షెడ్డు కమిటీకి తెరిస్తే రేపు ఆమె ముఖం ఎలా చూడాలని అడిగాడు. సారు తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

అప్పుడు అమర్‌సింగ్ ఒక మాట అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "అన్నా, విప్పుడు గూడ పనేనా?"

ఈ ప్రశ్నను కమిటీ తేలిగ్గా తీసుకోలేదు. బడికి తాళం వేయడం పనా, సమ్మెనా అని ఒకరు అడిగారు. సమ్మె అని అందరూ ఒప్పుకున్నారు. నడిచేదాన్ని ఆపడం సమ్మె అయినప్పుడు ఇంజను నుంచి ఒక భాగం ఊడదీయడం కూడా ఆపడమే అవుతుందని సైకిల్ షాపు ఆయన వాదించాడు. బిగించడం మాత్రం పని కిందికే వస్తుందని, అందులో సందేహం లేదని అన్నాడు. శ్రీశైలం సారు ఆలోచించి, విప్పడం వరకు అనుమతించవచ్చని తేల్చాడు. బిగించే సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఎల్లస్వామి ఇందులో తప్పు పట్టడానికి ప్రయత్నించాడు గానీ దొరకలేదు. పైగా ఆ చప్పుడు విన్నప్పటి నుంచి ఆయన చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

షెడ్డులోని పానాలు ముట్టకూడదు గనుక జీపు సీటు కింద ఉన్న నాలుగు పానాలతోనే మొదలుపెట్టాడు. మెడలోని దండ తీసి జీపు అద్దానికి తగిలించాడు. ముందు బ్యాటరీ తీగ విప్పాడు, ఎవరూ పొరపాటున తాళం తిప్పి స్టార్ట్ చేయకుండా. తర్వాత కింది పుల్లీకి పానా పెట్టి ఇంజనును చేత్తోనే మెల్లగా తిప్పి, పుల్లీ మీది గీత దానికెదురుగా ఉన్న గుర్తుకు సరిపడేలా నిలిపాడు. ఆ చోటి నుంచి ఇంజను వెంట్రుకవాసి కూడా కదలకుండా బండిని గేరులో పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు సరిగా పట్టదని అమర్‌సింగ్ చెబితే చక్రాల కింద రాళ్ళు కూడా పెట్టించాడు. టెన్షనర్‌కు రెండే బోల్టులు. పైది సులువుగా వచ్చింది. కిందిది నీళ్ళ పైపు వెనక దాక్కుని ఉంది, దానికోసం ఆయన బండి కిందికి దూరి, చెంప నేలకానించి, కంటికి కనబడని బోల్టును వేలితో వెతుక్కుని, పానాను వేలెడు వేలెడు తిప్పుకుంటూ వదులు చేశాడు. లోపల స్ప్రింగు ఉంటుంది గనుక అది ఎగిరి పడకుండా బొటనవేలితో అదిమి పట్టుకుని దాన్ని బయటకు తీశాడు.

అంత జాగ్రత్త అవసరం లేకపోయింది. లోపలి ఉక్కు కడ్డీ ఇరుక్కుపోయి ఉంది, దాన్ని వెనక్కి జారకుండా పట్టుకునే పన్ను విరిగి ఉంది. అది బాగయ్యేది కాదు, కొత్తది కావాలి. జనగామలో, వరంగల్‌లో విడి భాగాల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆ దుకాణాల వాళ్ళు సమ్మెలోకి వచ్చినప్పుడు ఎల్లస్వామే వెళ్ళి శాలువాలు కప్పాడు.

టెన్షనర్‌ను తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు ఇంజనులో చైను వదులుగా వేలాడుతోందని, ఎవరూ బండిని ముట్టవద్దని, తోయవద్దని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పి, దండ మళ్ళీ వేసుకుని దీక్షలో కూర్చున్నాడు. అలాంటి ఇంజను ఉన్న బండి జనగామలో ఇంకొకటి ఉందని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అది మధుకర్ కారు.

మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి వరంగల్ వైపు వెళుతున్నాడని పోలీసులు రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చారు. జీపు సగం రోడ్డు మీదే ఉంది. అమర్‌సింగ్ తాళాలు జేబులో వేసుకుని అన్నం తినడానికి పోయాడు. తలుపులు వేసి ఉన్నాయి, బండి గేరులో ఉంది. ఎస్సై చూసి, తోసేయమన్నాడు. కానిస్టేబుళ్ళు రాళ్ళు తీసి వెనక భుజాలు ఆనించారు. బండి కదిలితే చక్రాలతోపాటు ఇంజను తిరుగుతుంది, వదులుగా ఉన్న చైను పండ్లు తప్పుతుంది. ఎల్లస్వామి పరుగెత్తుకొచ్చి ముందు చక్రానికి వీపు ఆనించి రోడ్డు మీద కూర్చున్నాడు.

"లే. రాస్తారోకో బంద్ చెయ్," అన్నాడు ఎస్సై.

"రాస్తారోకో కాదు సార్. చైను."

ఎస్సైకి అర్థం కాలేదు. ఎల్లస్వామి మొదటి నుంచి చెప్పడానికి ప్రయత్నించాడు గానీ, అప్పటికే శిబిరంలోని జనం ఆయన్ని చూసి వచ్చి చుట్టూ కూర్చున్నారు. నినాదాలు అందుకున్నారు. ఇక చైను గురించి ఎంత చెప్పినా వినబడే పరిస్థితి లేదు. కాన్వాయ్‌ను ఇంకో దారిన పంపారు. ఎల్లస్వామిని వ్యానెక్కించి స్టేషనుకు తీసుకెళ్ళారు. ఎక్కేటప్పుడు ఆయన తల బయటపెట్టి, బండిని న్యూట్రల్ చేయకుండా ముట్టవద్దని అరిచాడు. జనం దానికి కూడా జై అన్నారు.

స్టేషనులో జేబు చూసి ఎస్సై ఆ వస్తువును బల్ల మీద పెట్టించాడు. అదేమిటని అడిగాడు. టెన్షనర్ అని ఎల్లస్వామి చెప్పాడు. ఇది పేలుతుందా అని ఎస్సై అడిగాడు. లోపల స్ప్రింగు ఉంటుందని, కానీ ఇది చెడిపోయిందని ఎల్లస్వామి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎస్సై దాన్ని కొంతసేపు చూసి తిరిగి ఇచ్చేశాడు. సాయంత్రం వదిలేస్తామని చెప్పి బెంచీ మీద కూర్చోబెట్టారు.

పొద్దు వాలే వేళకు స్వరూప వచ్చింది. చేతిలో టిఫిన్ గిన్నె ఉంది. తాను దీక్షలో ఉన్నానని, సాయంత్రం దాకా తినకూడదని ఎల్లస్వామి అన్నాడు. ఆమె గిన్నెను ఒళ్ళో పెట్టుకుని బెంచీకి ఆ చివర కూర్చుంది.

"క్లచ్ సంగతి మీద అలిగినవ్ గద," అన్నాడు ఎల్లస్వామి.

"క్లచ్‌ది ఏమున్నది బాపు. ఇయ్యాల గాకపోతె రేపైతది." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు మైకుల చెప్పినవ్. గాయన గాడనే ఉన్నడు, చేతిల తాడు వట్టుకొని. అందరు చప్పట్లు కొట్టిన్రు. గాయన గూడ కొట్టిండు. ఇంటికొచ్చి రెండు దినాలు మాట్లాడలే."

ఎల్లస్వామి ఆ రోజు జనాన్ని చూశాడు గానీ అందులో మధుకర్‌ను చూడలేదు. చప్పట్లు కొడుతున్న అన్ని చేతుల్లో ఆ చేతులు కూడా ఉన్నాయన్న సంగతి ఇప్పుడే తెలిసింది. టెన్షనర్‌ను జేబులోంచి తీసి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

స్వరూప దాన్ని తీసుకుని చూసింది. చిన్నప్పుడు ఆమె చదువంతా షెడ్డులోనే సాగింది. పదో తరగతి దాకా టార్చిలైటు పట్టుకోవడం ఆమె పనిగా ఉండేది, ఆ తర్వాత పానా కూడా పట్టింది. లోపలి కడ్డీని వేలితో నొక్కి, పన్ను విరిగిందని తానే చెప్పింది. ఇలాంటిది తమ కారులో ఉంటుంది కదా అని అడిగింది. ఉంటుందని ఎల్లస్వామి ఒప్పుకున్నాడు. తమ కారు ఎలాగూ నడవడం లేదు. రేపు అమర్‌సింగ్ గూడూరు పోవాలి. ఆమెకు అంతా అర్థమైంది.

"ఆయనను నేనైతె అడగ," అంది. "నువ్వు అడుగు."

మర్నాడు పొద్దున్నే ఎల్లస్వామి పట్టాలు దాటి కూతురింటికి వెళ్ళాడు. మధుకర్ వాకిట్లో కారు కడుగుతున్నాడు. కారు కదలకపోయినా రోజూ కడుగుతున్నాడని స్వరూప తర్వాత చెప్పింది. మామను చూసి బకెట్టు పక్కన పెట్టి లోపలికి రమ్మన్నాడు. ఎల్లస్వామి రానని, నిలబడే అడుగుతానని అన్నాడు. ఆయన మాట సగంలో ఉండగానే మధుకర్, తీసుకో మామ అన్నాడు. అయినా ఎల్లస్వామి ఆగలేదు. అడగవలసింది మొత్తం అడిగాడు. జీపుకు ఏమైందో, సభ ఎందుకు ముఖ్యమో, ఈ భాగం తీస్తే కొత్తది దొరికేదాకా కారు అసలే కదలదని, క్లచ్ వేసినా కదలదని చెప్పాడు. చివరికి, ఆ రోజు మైకులో ఆ మాట చెప్పకుండా ఉండవలసిందని అన్నాడు.

మధుకర్ తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అందరు కొట్టిన్రని నేను గూడ కొట్టిన మామ," అన్నాడు. "ఊకె నిలవడితె బాగుండదని."

ఎల్లస్వామి మధుకర్ కారు నుంచి టెన్షనర్ తీశాడు. విప్పడమే గనుక అందులో ఏ చిక్కూ లేదు. కింది బోల్టు దగ్గర స్వరూప టార్చి పట్టింది, ఆయన ఎటు చూడబోతే వెలుతురు అటు ముందే వచ్చి ఉండేది. మధుకర్ పానాలు అందించాడు. ఈసారి లోపలి కడ్డీ జీవంతో ఉంది, బొటనవేలిని వెనక్కి తోసింది. ఎల్లస్వామి దాన్ని లోపలికి నొక్కి, బయటకు రాకుండా చిన్న మేకు గుచ్చి, గుడ్డలో చుట్టాడు.

శిబిరం దగ్గర జీపు అలాగే ఉంది. రాత్రంతా సంఘం వాళ్ళు వంతులు వేసుకుని కాపలా ఉన్నారు. ఇప్పుడు బిగించేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. స్వరూప కొంగు నడుముకు చెక్కి, తాను మెకానిక్కుల సంఘంలో లేనని, ఏ ఉద్యోగ సంఘంలోనూ లేనని, కాబట్టి తాను బిగిస్తే ఏ సమ్మె చెడుతుందో చెప్పమని అడిగింది. శ్రీశైలం సారు అభ్యంతరం లేదన్నాడు. అయితే పక్క నుంచి ఎల్లస్వామి చెబుతూ ఉంటే అది పని చెప్పడమే అవుతుంది గనుక, తాను బడిలో చేసేది కూడా అదే గనుక, ఆయన మాట్లాడకూడదని షరతు పెట్టాడు.

ఎల్లస్వామి శిబిరంలో తన చోట కూర్చున్నాడు. అక్కడి నుంచి కూతురి పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. ఆమె ముందు పాత కాగితపు వాషరు గీకి శుభ్రం చేసింది. మధుకర్ తన కారు కోసం దాచుకుని ఇప్పుడు ఇచ్చి పంపిన కొత్తది వేసి, టెన్షనర్‌ను నిలిపి, రెండు బోల్టులూ వేళ్ళతో ఎక్కించి, ఆ తర్వాతే పానాతో బిగించింది. మేకు లాగింది. లోపల టక్కుమని కడ్డీ ముందుకు దూకిన శబ్దం ఎల్లస్వామికి అక్కడికే వినబడింది. తర్వాత ఆమె బండిని న్యూట్రల్ చేయించి, కింది పుల్లీకి పానా పెట్టి ఇంజనును చేత్తో తిప్పింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. మధ్యలో ఎక్కడైనా తట్టుకుంటే చైను తప్పినట్టే, నిన్నటి తోపులాటలోనే అంతా అయిపోయినట్టే. ఎల్లస్వామి తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. శ్రీశైలం సారు ఆయన వైపు చూశాడు. ఆయన కూర్చున్నాడు.

"గుర్తులు కలిసినయ్," అంది స్వరూప బండి కింది నుంచి.

బ్యాటరీ తీగ కలిపారు. అమర్‌సింగ్ తాళం తిప్పాడు. ఇంజను స్టార్ట్ అయింది. వారం నుంచీ ఆ గలగలకు అలవాటు పడ్డవాడు గనుక స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ తాళం తిప్పాడు. కర్రుమని పెద్ద చప్పుడైంది. ఎల్లస్వామి కళ్ళు మూసుకున్నాడు. ఏమీ కాలేదని స్వరూప చెప్పింది.

గూడూరు వరకు ఆమె కూడా వెళ్ళింది, కొత్తగా వేసింది వదులైతే చూడటానికి. ఎల్లస్వామి వెనక సీట్లో కూర్చున్నాడు. శ్రీశైలం సారు దారి పొడవునా ఉపన్యాసం మనసులో చెప్పుకుంటూ వచ్చాడు. తొర్రూరు, మహబూబాబాద్ దాటి గూడూరు చేరేసరికి సభ మొదలు కావలసిన వేళ దాటిపోయింది. తండా వాళ్ళు ఒక పక్కన గుంపుగా నిలబడి ఉన్నారు. ఇంకాసేపు చూసి వెళ్ళిపోదామని రామి వాళ్ళతో అంటోందట. జీపు చప్పుడు లేకుండా వచ్చేసరికి అది తన కొడుకు బండేనని ఆమె మొదట నమ్మలేదు.

మైకు పెట్టగానే శ్రీశైలం సారు ముందుకు వచ్చి, ఈ బండి ఇక్కడికి రావడం వెనక ఒక అల్లుడి త్యాగం ఉందని మొదలుపెట్టాడు. ఎల్లస్వామి లేచి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సారు ఆగి, తడబడి, ముందుగా తండా పెద్దలు మాట్లాడతారని ప్రకటించాడు. అంటే ఎవరో ఒక మగమనిషి వచ్చి రెండు మాటలు చెప్పి వెళతాడని ఆయన ఉద్దేశం. రామి వచ్చింది. మైకును రెండు చేతులతో పట్టుకుంది. తమ భాషలోనే మొదలుపెట్టి, పోడు భూముల గురించి, అడవిలో ఎడ్లను పట్టుకుపోవడం గురించి, తండాకు రోడ్డు లేక కాన్పుకు మంచం మీద మోసుకుపోయిన తన కోడళ్ళ గురించి చెప్పుకుంటూ పోయింది. కొత్త రాష్ట్రం వస్తే ఇవి పోతాయా అని మధ్య మధ్యలో తెలుగులో అడిగింది. అడిగి, వేదిక మీది వాళ్ళు జవాబు చెప్పేదాకా ఆగింది. వాళ్ళు పోతాయని చెప్పవలసి వచ్చింది. తలా ఒకసారి, మైకు దగ్గరికి వచ్చి మరీ చెప్పారు. భాష రాని వాళ్ళు కూడా కదలకుండా విన్నారు. ఆమె ముగించేసరికి పొద్దుపోయింది, శ్రీశైలం సారు ఉపన్యాసానికి వేళ మిగల్లేదు. ఆయన వందన సమర్పణ చేశాడు.

అమర్‌సింగ్ తల్లిని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తండాకు తీసుకెళ్ళాడు. మైకు ఇంకాసేపు ఇచ్చి ఉంటే ఫారెస్టు గార్డు పేరు కూడా చెప్పేదాన్నని ఆమె దారిలో అన్నదట.

సమ్మె అక్టోబరు చివర్లో ముగిసింది. ముగిసిన తీరు గురించి జనగామలో ఎవరికీ సంతోషం లేదు. శ్రీశైలం సారు తాళంచెవి తిరిగి ఇచ్చి, తన బడి తెరవడానికి వెళ్ళాడు. షెడ్డు ముందు బండ్లు రోడ్డు దాకా నిలిచాయి. ఎల్లస్వామి వరంగల్ నుంచి కొత్త టెన్షనర్, క్లచ్ ప్లేటు తెప్పించి, అందరికన్నా ముందు మధుకర్ కారు పట్టుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ళలో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. స్వరూప వచ్చి చూసింది గానీ చేయి పెట్టలేదు. తండ్రి బిగించేటప్పుడు ఒక్కచోట మాత్రం టార్చి ఇటు పట్టనా అని అడిగింది. ఆయన పట్టమన్నాడు.

మధుకర్‌కు మొదటి కిరాయి కాటారానికి వచ్చింది. ఒక కుటుంబం చుట్టాలింటికి వెళ్ళాలి. కొత్త టెన్షనర్‌తో చైను బిగువు అంత దూరంలో ఎలా ఉంటుందో వినాలని ఎల్లస్వామి ముందు సీట్లో కూర్చున్నాడు. వరంగల్ దాటి పరకాల మీదుగా పోతుంటే ఇంజను ఏ వంకా లేకుండా నడిచింది. వినడానికి ఏమీ లేకపోయేసరికి ఆయనకు ఏం చేయాలో తోచలేదు. పెళ్ళయి ఆరేళ్ళయినా అల్లుడి పక్కన ఇంత దూరం కూర్చున్నది లేదు. బొగ్గు లారీలు ఎదురవుతుంటే వాటి ఇంజన్ల గురించి రెండు మాటలు చెప్పాడు. మధుకర్ విన్నాడు.

భూపాలపల్లిలో చాయ్ కోసం ఆగారు. మధుకర్ హోటలు వాడితో తన దాంట్లో చక్కెర వద్దని చెప్పాడు. ఎప్పటి నుంచి ఇట్లా అని ఎల్లస్వామి అడిగాడు. చిన్నప్పటి నుంచే, చక్కెర చాయ్ తనకు పడదని మధుకర్ అన్నాడు. అల్లుడు ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఉప్పలమ్మ మర్యాద కోసం ఒక చెంచా ఎక్కువే వేస్తుంది.

"మరి మా ఇంట్ల ఎట్ల తాగుతున్నవ్?"

"తాగుతున్న మామ," అన్నాడు మధుకర్.

వెనక సీట్లోని వాళ్ళు ఇంకెంత దూరమని అడిగారు. ఇంకో గంట పట్టవచ్చని మధుకర్ చెప్పాడు. ఎల్లస్వామి గ్లాసు తిరిగి ఇచ్చి, ఇంటికి పోగానే ఉప్పలమ్మకు చెబుతానని అన్నాడు, కారెక్కాడు.